కంప్యూటర్‌లో జీడి చెట్టు: బొమ్మ గీయడం వేరు, పెంచడం వేరు

మీ ప్రశ్నను కాస్త కుదించి ముందు పెడుతున్నాను, తర్వాత చదివేవాళ్లకి కూడా విషయం తెలుస్తుంది. మీరు విశాఖలో కంప్యూటర్ సైన్స్ ఆఖరి ఏడాది చదువుతున్నారు. పద్మనాభం దగ్గర తాతగారికి మూడెకరాల తోట ఉంది. ఎక్కువ జీడి, గట్టు వెంబడి కొన్ని సువర్ణరేఖ మామిడి చెట్లు. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక జీడి చెట్టు తయారు చేశారు, చూడ్డానికి అచ్చం చెట్టులాగే ఉంది. ఇప్పుడు దాన్ని ఏడాదికేడాది పెంచాలి, కొమ్మ కత్తిరిస్తే కాపు ఎలా మారుతుందో చూపించాలి. దీనికి మెషీన్ లెర్నింగ్, అంటే పాత లెక్కల నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి, చాలదా అని మీ ప్రాజెక్టు గైడ్ అడిగారు. తాతగారేమో "ఆ కంప్యూటర్ చెప్పిందని కొమ్మ నరకమంటావా?" అన్నారు.

తాతగారిదే అసలైన ప్రశ్న. మీ ప్రాజెక్టు మొత్తం ఆయనకి జవాబు చెప్పేలా కట్టుకోండి. నేను చాలా ఏళ్లుగా పండ్ల చెట్ల కంప్యూటర్ నమూనాల మీద పనిచేస్తున్నాను. పీచ్, ఆపిల్, బాదం చెట్లకి ఇంత పని జరిగింది, మన జీడికి ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని గట్టిగా అనుకునేవాణ్ణి. అందుకే పొడుగ్గా రాస్తున్నాను.

బ్లెండర్‌లో మీరు చేసిన చెట్టుకి ముందు ఆకారం ఇచ్చారు, తర్వాత ఆ ఆకారంలోకి కొమ్మలు, ఆకులు నింపారు. ఆటల్లో, సినిమాల్లో కనిపించే చెట్లు చాలావరకు ఇలా వచ్చినవే. 2007లో కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీ వాళ్లు దీనికి చక్కటి పద్ధతి ఒకటి ఇచ్చారు. చెట్టు ఆవరించాల్సిన జాగాలో చుక్కలు చల్లుతారు. కొమ్మలు దగ్గరున్న చుక్క వైపు ఎదుగుతాయి, అందిన చుక్కను చెరిపేస్తాయి. ఖాళీ కోసం పోటీ పడే కొమ్మలు ఎలా ఉంటాయో సరిగ్గా అలాగే వస్తుంది. కానీ ఆ చెట్టులో చక్కెర లేదు, వయసు లేదు, పూత లేదు. కొమ్మ నరికితే ఏమవుతుందని దాన్ని అడిగితే, నరికిన చోట ఖాళీ కనబడుతుంది, అంతే. మీకు కావలసింది ఆకారం ముందే తెలియని చెట్టు. మొగ్గల నిర్ణయాల వల్ల ఆకారం చివర్లో దానంతటదే తేలాలి. అప్పుడే కత్తిరింపుకి చెట్టు ఏం బదులిస్తుందో చూడగలం.

ఈ దారి వేసినవాడు అరిస్టిడ్ లిండెన్‌మేయర్, హంగరీలో పుట్టిన జీవశాస్త్రవేత్త. 1968లో దారంలా పెరిగే నాచు లాంటి జీవుల కోసం, ఒక కణం ఏయే కణాలుగా మారుతుందో చెప్పే తిరగరాత నియమాలు రాశాడు. వాటినే ఎల్-సిస్టమ్స్ అంటున్నాం. తర్వాత కొమ్మలకి గళ్ల బ్రాకెట్లు చేరాయి. మనం మన అక్షరాల్లోనే రాసుకుందాం. "మ" అంటే మొగ్గ, "క" అంటే రెండు కణుపుల మధ్య కాడ. బ్రాకెట్ లోపలున్నది పక్క కొమ్మ.

మ → క[మ]మ

ఒక మొగ్గ ఒక కాడని వేసింది, పక్కకి ఒక మొగ్గని వదిలింది, కొసన మళ్లీ తానే ఉంది. ఇదే నియమాన్ని ఇంకోసారి నడిపితే

క[క[మ]మ]క[మ]మ

వస్తుంది. మొదట ఒక మొగ్గ, తర్వాత రెండు, తర్వాత నాలుగు. పది అడుగులు నడిపితే 1,024. ఇరవై అడుగులకి పది లక్షలు దాటుతాయి. ఏ చెట్టూ అలా పెరగదు, ఎందుకంటే చెట్టు మీదున్న మొగ్గల్లో చాలావరకు నిద్రలోనే ఉండిపోతాయి, కొన్ని పూత అవుతాయి, కొన్ని ఎండిపోతాయి. చెట్టు నమూనా రాయడమంటే, నా లెక్కలో, నూటికి తొంభై పాళ్లు ఏ మొగ్గ ఎప్పుడు లేస్తుంది, ఏది పడుకుంటుంది, ఏది పూస్తుంది అన్నది రాయడమే. మిగతాది జామెట్రీ. అది మీకు ఇప్పటికే వచ్చు.

ఇక జీడి దగ్గరికి వద్దాం. ఈ వారం తోటకి వెళ్లినప్పుడు చెట్టు అంచున ఒక కొమ్మ పట్టుకుని కొస నుంచి వెనక్కి చూసుకుంటూ రండి. జీడిలో రెండు రకాల కొమ్మలు కనబడతాయి. ఒక రకం ఇరవై ఐదు, ముప్పై సెంటీమీటర్లు పెరిగి కొసన పూగుత్తితో ఆగిపోతుంది. ఆ కొసకి దిగువ పది, పదిహేను సెంటీమీటర్ల లోపలే మూడు నుంచి ఎనిమిది దాకా పక్క కొమ్మలు వస్తాయి, వాటిలో కొన్ని కూడా పూస్తాయి. దాన్ని గుబురు కొమ్మ అందాం. రెండో రకం అంతే పొడవు పెరిగి ఊరుకుంటుంది, పూయదు. తర్వాతి సారి కొసకి కాస్త దిగువనున్న మొగ్గ లేచి అదే దిక్కుగా సాగుతుంది. ఇలా రెండు మూడేళ్లు పూత లేకుండానే పోతుంది. దాన్ని సాగుడు కొమ్మ అందాం. గుబురు కొమ్మలు ఎక్కువున్న చెట్టు పొందికగా ఉండి బాగా కాస్తుంది. సాగుడు కొమ్మలు ఎక్కువైతే చెట్టు జాగా అంతా ఆక్రమిస్తుంది, కాపు మాత్రం పలచన. కాబట్టి మీ నమూనాలో మొగ్గకి కనీసం ఈ రెండు స్వభావాలు ఉండాలి. ఒక స్వభావం నుంచి ఇంకో స్వభావానికి ఎప్పుడు మారుతుందన్నదే మీరు కనిపెట్టాల్సిన నియమం. వెలుతురు తగ్గితే మారుతుందా, కత్తిరిస్తే మారుతుందా, రకాన్ని బట్టి ఉంటుందా? బాపట్ల జీడి పరిశోధన కేంద్రం రకాలు మన కోస్తాలో చాలా తోటల్లో ఉన్నాయి. మీ తోటలో ఆ కేంద్రం రకమైన బీపీపీ-8 అంట్లు, పాత పిక్క మొక్కలు కలిసి ఉంటే ఆ రెండింటినీ పోల్చే అవకాశం వదులుకోకండి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, కత్తిరింపు గురించి మీరు అడిగిన సగం ఇందులోనే ఉంది. జీడి పూత చెట్టు పైతొడుగు మీదే, ఎండ తగిలే అంచుల్లోనే వస్తుంది. లోపల నీడలో కట్టె ఉంటుంది, కాపు ఉండదు. చెట్టు గొడుగుని అర్ధగోళం అనుకుంటే, నాలుగు మీటర్ల వ్యాసార్థానికి పైతొడుగు సుమారు 100 చదరపు మీటర్లు. వ్యాసార్థం రెట్టింపైతే చెట్టు పోషించాల్సిన ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతుంది, కాసే తొడుగు నాలుగు రెట్లే అవుతుంది. పైగా ఎనిమిది మీటర్ల ఎడంలో నాటిన తోటలో నాలుగు మీటర్ల గొడుగులు ఒకదానికొకటి తగులుకుంటాయి. అక్కడి నుంచి పక్కలన్నీ నీడ పడి కాపు నెత్తి మీదకి ఎక్కేస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ తెరవకుండా ఈ లెక్క ఒక్కటి తాతగారికి కాగితం మీద చూపించినా, చెట్ల మధ్య ఖాళీ ఎందుకు కాపాడుకోవాలో ఆయన వెంటనే పట్టుకుంటారు. ఆయనకి అది అనుభవంలో ఎప్పుడో తెలుసు.

మామిడి మీద మాత్రం మీకు ఆధారం దొరుకుతుంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో కోగ్‌షల్ రకం మామిడి మీద ఫ్రెంచి పరిశోధకులు ఏళ్ల తరబడి కొలతలు తీసి, వీ-మ్యాంగో అనే నమూనాని 2020లో ప్రచురించారు. దాని ఊపిరి అంతా ఒక గమనికలో ఉంది. మామిడి ఆకు ఆకుగా నిదానంగా పెరగదు. ఒక విడత చిగురు రాగిరంగులో ఒక్కసారిగా వస్తుంది, ముదురుతుంది, ఆగుతుంది. ఆ ఒక్క విడతనే ఒక మూలకంగా తీసుకున్నారు. ప్రతి విడతకీ ఒక చరిత్ర ఉంటుంది. తన తల్లి విడత పోయినేడు కాసిందా, కొస మీద ఉందా పక్కన ఉందా, ఏ నెలలో పుట్టింది అన్న దాన్ని బట్టి ఇప్పుడు చిగురిస్తుందా, పూస్తుందా అనే సంభావ్యత మారుతుంది. కాసి అలిసిన రెమ్మ తర్వాత ఆలస్యంగానో తక్కువగానో చిగురిస్తుంది, ఆలస్యంగా వచ్చిన చిగురు తర్వాతి పూతకి ముదరదు. ఏడాది విడిచి ఏడాది కాయడం అనే మామిడి బుద్ధిని ఎవరూ పైనుంచి రుద్దక్కర్లేదు, ఈ చిన్న నియమాల లోంచే అది పుట్టుకొస్తుంది. మీ సువర్ణరేఖలకి ఇదే చట్రం వాడుకోండి, సంఖ్యలు మాత్రం మీ చెట్ల నుంచే రావాలి.

కాలిఫోర్నియాలో బాదం మీద కూడా ఇదే జరిగింది. వేల కొద్దీ చిన్న కాపు రెమ్మలకి ట్యాగులు కట్టి ఏళ్ల తరబడి వెంట తిరిగారు. ఆకు విస్తీర్ణం తక్కువున్న రెమ్మ కాయ మోస్తే మరుసటి ఏడు పూయడమో బతకడమో కష్టమని తేలింది. ఎల్-ఆల్మండ్ అనే నమూనాకి ముందు ఇంత నడక ఉంది.

వెలుతురు గురించి. ఆకుల పొరల గుండా దిగేకొద్దీ వెలుతురు ఎలా తగ్గుతుందో జపాన్‌లో మోన్సి, సాయెకి 1953లో సూత్రం ఇచ్చారు. ఇవాళ్టికీ అదే వాడుతున్నాం. ఆకులు వెలుతురుని ఎంతగా అడ్డుకుంటాయో చెప్పే క్షీణత గుణకం 0.5 అనుకుంటే, నేల ప్రతి చదరపు మీటరు మీదా ఒక చదరపు మీటరు ఆకు ఉన్న చోట 61 శాతం వెలుతురు కిందికి దిగుతుంది, రెండుంటే 37 శాతం, నాలుగుంటే 13 లేదా 14 శాతం. అయితే ఆ సూత్రం పరుచుకున్న పైరు మీద చక్కగా పనిచేస్తుంది, విడివిడి చెట్లకి అలాగే వాడకూడదు. జాగాని ఇరవై సెంటీమీటర్ల ఘనపు గళ్లుగా కోయండి. ఎనిమిది మీటర్ల పొడవు, వెడల్పు, ఆరు మీటర్ల ఎత్తుకి 48,000 గళ్లు వస్తాయి, మీ ల్యాప్‌టాప్ హాయిగా మోస్తుంది. ప్రతి గడిలో ఎంత ఆకుందో లెక్కించి, ఆకాశంలో కొన్ని పదుల దిక్కుల నుంచి కిరణాలు పంపి, దారిలో ఎంత మింగుడుపడిందో కూడండి. ఆకుని ఆకుగా గీసి కిరణాలు వేయాలని మీకు అనిపిస్తుంది, బ్లెండర్ అలవాటు అది. ఒక ఏడాది ప్రాజెక్టులో వద్దు.

సూర్యుణ్ణి మాత్రం విశాఖ సూర్యుణ్ణే పెట్టుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణలు చాలావరకు నలభై డిగ్రీల ఉత్తర అక్షాంశాల తోటలవి, అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే. మనది 17.7 డిగ్రీల ఉత్తరం. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ మధ్య కాలమంతా ఉత్తరానికి జరిగి ఉంటాడు. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం ఎత్తు 49 డిగ్రీలే, ఐదు మీటర్ల చెట్టు నీడ 4.4 మీటర్లు ఉత్తరానికి పడుతుంది. జీడికి పూత, పిందె సమయం అదీ, ఆ తర్వాతి నెలలూ. అంటే తూర్పు-పడమర వరుసల్లో చెట్లు మరీ ఎత్తైతే ఏ వరుస ఏ వరుసకి నీడ పెడుతుందో మీ నమూనా నెలవారీగా చూపించగలదు. ఇది నేలమీద నిలబడి కంటితో అంచనా వేయడం కష్టం. కంప్యూటర్ తన ఉప్పుకి తగ్గ పని చేసేది ఇక్కడే.

ఇంకో మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. మామిడి ఆకుకి పూర్తి ఎండ అక్కర్లేదు. సుమారు సగం ఎండ అందేసరికి దాని కిరణజన్య సంయోగక్రియ దాదాపు గరిష్ఠానికి చేరుతుంది, ఆపై ఎండ పెరిగినా చక్కెర పెద్దగా పెరగదు. కాబట్టి పై ఆకులకి రెట్టింపు ఎండ, లోపలి ఆకులకి కటిక నీడ అనే చెట్టు కంటే, అదే ఎండని ఎక్కువ ఆకులకి సర్దే చెట్టు ఎక్కువ చక్కెర చేస్తుంది. నడిమి కొమ్మ ఒకటి తీసి గొడుగు తెరిచే కత్తిరింపులో మేలు ఎక్కడి నుంచి వస్తుందో మీ గళ్ల లెక్కలో కనబడాలి. కనబడకపోతే వెలుతురుకీ చక్కెరకీ మధ్య సరళరేఖ పెట్టారేమో చూసుకోండి, అది వంపు తిరిగిన రేఖ కావాలి.

ఇక చక్కెర పంపకం, ఈ విద్యలో కష్టమైన ముడి ఇదే. 2005లో అలెన్, ప్రుసింకివిచ్, డీజాంగ్ కలిసి పీచ్ చెట్టుకి ఎల్-పీచ్ అనే నమూనా ఇచ్చారు. చెట్టుని ఒక విద్యుత్ వలయంలా తీసుకున్నారు. ఆకులు చక్కెర ఇచ్చే వనరులు, కాయలు, వేళ్లు, కొత్త చిగుళ్లు లాక్కునేవి, మధ్యలో కాడలు నిరోధాలు. ఎవరికెంత చేరాలో ఏ కేంద్రమూ నిర్ణయించదు, దూరమూ ఆకలీ నిర్ణయిస్తాయి. మన కాలువ నీళ్లు అంతే కదా, తూముకి దగ్గరి చేలు తడిశాకే శివారు చేలకి చేరతాయి, ఎగువన ఒకడు మోటారు పెట్టాడంటే దిగువ వాడి చేను ఎండిపోతుంది. కొమ్మకి పిందెలు గుత్తుగా ఉంటే అవి ఎగువ మోటార్లు, కొత్త చిగురూ వేరూ శివారు చేలు. పిందెలు పల్చన చేస్తే మిగిలినవి ఎందుకు లావెక్కుతాయో, ఎక్కువ కాసిన ఏడాది వేరు ఎందుకు కుంటుపడుతుందో ఒకే లెక్కలోంచి వస్తాయి. మీరు పూర్తి వలయం కట్టక్కర్లేదు. ప్రతి పెద్ద కొమ్మనీ ఒక ఖాతాగా తీసుకుని, దాని ఆకులు చేసిన చక్కెర ముందు దాని కాయలకి, చిగురుకి ఇచ్చి, మిగిలినది మొదలుకి పంపండి. లోటు పడిన కొమ్మకి మొదలు నుంచి కొంత రానివ్వండి. అది చాలు.

ఎల్-పీచ్ కోడ్ గానీ, అలాంటిది ఇంకేదైనా గానీ దొరికితే ఒకటి గుర్తుంచుకోండి. పీచ్, బాదం, ఆపిల్ చెట్లు చలికాలంలో ఆకు రాల్చి పడుకుంటాయి, తగినన్ని చలి గంటలు పోగయ్యాకే మొగ్గ విచ్చుకుంటుంది. ఆ నమూనాల క్యాలెండర్ మొత్తం చలి లెక్క మీద నిలబడి ఉంటుంది. అది పద్మనాభానికి తెచ్చి పెడితే మీ చెట్టు ఎప్పటికీ లేవదు. ఆ భాగం పూర్తిగా తీసేయండి. మన మామిడికి మొగ్గ పూతగా మారడానికి చల్లటి రాత్రులు తోడ్పడతాయి, అవి పెద్దగా లేని కోస్తాలో చివరి విడత చిగురు ఎంత ముదిరిందన్నది ముఖ్యం. అదే లంబసింగి, పాడేరు వైపు కొండల మీద చలి లెక్క వేరు. జీడికి వానలు తగ్గాక వచ్చే చిగురే ఆధారం, ఆ చిగురు మీదే డిసెంబరు, జనవరి నుంచి పూత. వేడి లెక్క మాత్రం పనికొస్తుంది. రోజు గరిష్ఠం 30, కనిష్ఠం 20 అయితే సగటు 25. ఎదుగుదల ఆగే ఉష్ణోగ్రత ఉదాహరణకి 12 అనుకుంటే ఆ రోజు ఖాతాలో 13 డిగ్రీ-రోజులు. చిగురు లేచిన రోజు నుంచి ఆకు ముదిరేదాకా ఎన్ని పోగయ్యాయో చూస్తే, అక్టోబరు చిగురు, జనవరి చిగురు వేరువేరు వేగంతో ఎందుకు ముదురుతాయో తెలుస్తుంది.

ఎండ లెక్కలకి నాసా పవర్ అనే వాతావరణ సమాచార వెబ్‌సైట్ నుంచి రోజువారీ వివరాలు ఉచితంగా దొరుకుతాయి. కానీ వాటి గళ్లు యాభై కిలోమీటర్ల పైబడి వెడల్పు. మన తీరాన ఒక్కో గడిలో సముద్రం, నేల కలిసి ఉంటాయి కాబట్టి ఉష్ణోగ్రతలు చదునైపోతాయి. సూర్యరశ్మి అక్కడి నుంచి తీసుకోండి, ఉష్ణోగ్రతకి తోటలో నీడన దాన్ని తనంతట తానే నమోదు చేసుకునే లాగర్ ఒకటి వేలాడదీయండి, ఖరీదైనది అక్కర్లేదు.

కొమ్మ లావు గురించి రెండే మాటలు. 1964లో షినోజాకి బృందం పైపుల నమూనా ఇచ్చింది. ప్రతి ఆకుకీ కింది దాకా ఒక పైపు ఉన్నట్టు లెక్క. అంటే అడ్డంగా కోస్తే కనబడే చీలికల విస్తీర్ణాలు కూడితే తల్లి కొమ్మ అడ్డకోత విస్తీర్ణం వస్తుంది. మూడు, నాలుగు సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు కొమ్మలు కలిసే చోట తల్లి కొమ్మ ఐదు సెంటీమీటర్లు. నిజం చెట్టు దీనికి కాస్త అటూఇటూ ఉంటుంది, మొదలుపెట్టడానికి చాలు.

మీ గైడ్ గారి మాటకి వస్తే, ఆయన అడగడం న్యాయమే. కానీ మెషీన్ లెర్నింగ్ తను చూసిన దాని మధ్యలో బాగా చెబుతుంది. మూడెకరాల తోట, రెండు మూడేళ్ల లెక్కలు, అందులోనూ ఎవరూ ఎప్పుడూ చేయని కత్తిరింపు. ఆ కత్తిరింపు వివరాల్లో లేనప్పుడు నేర్చుకోవడానికి ఏమీ లేదు. మొగ్గ, వెలుతురు, చక్కెర నియమాలు మాత్రం చేయని కత్తిరింపుకి కూడా వర్తిస్తాయి, వాటి విలువ అదే. మెషీన్ లెర్నింగ్‌ని కొలతల్లో పెట్టండి. ఫోన్ ఫోటోల్లో పూగుత్తులు లెక్కపెట్టడానికి అది అచ్చంగా సరిపోతుంది, మీకు ఎన్నో పూటలు మిగులుస్తుంది. ఇలా చెబితే ఆయన కూడా ఒప్పుకుంటారు.

కొలతల సంగతి అన్నిటికంటే ముఖ్యం. రంగు రిబ్బన్లు, లావు కొలిచే వెర్నియర్, టేపు, ఒక నోటుబుక్కు. ఒకే వయసు, ఒకే రకం చెట్లు ఎంచుకోండి. చెట్టుకి నాలుగు దిక్కుల్లోనూ, పైనా కిందా రిబ్బన్లు కట్టండి. అందరూ చేతికందే తూర్పు కొమ్మలకే కట్టి వచ్చేస్తారు, పొద్దున్న పూట ఆ పక్కే ఎండ బాగుంటుంది మరి. నిచ్చెన వేసుకుని నెత్తిన కూడా కట్టండి. ప్రతి రిబ్బన్ రెమ్మకీ పొడవు, కణుపులు, అడుగు వ్యాసం, కొస ఏమైంది, ఎన్ని పక్క కొమ్మలు, పోయినేడు పిక్కలు కాసిన గుర్తుందా అని రాయండి. ఒక మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టెతో చేయించి గొడుగు మీద ఆనించి, అందులో పూసిన రెమ్మలెన్ని, పూయనివెన్ని లెక్కపెట్టండి. ఇందాకటి 100 చదరపు మీటర్ల లెక్కకి ఇది నేరుగా అతుకుతుంది.

ఎన్ని రిబ్బన్లు అంటారా? 100 రెమ్మల్లో 30 పూశాయనుకోండి, సంభావ్యత 0.30. కానీ ఆ అంచనాలో అటు తొమ్మిది, ఇటు తొమ్మిది శాతం ఊగిసలాట ఉంది, అసలు విలువ 21 కావచ్చు, 39 కావచ్చు. పాతిక రిబ్బన్లే కడితే ఊగిసలాట పద్దెనిమిది శాతం, ఆ సంఖ్యతో ఏ కత్తిరింపునీ సమర్థించలేరు. గుబురు, సాగుడు రకాలు విడదీస్తే ఒక్కో రకానికీ వంద కావాలి. స్నేహితుల్ని ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లండి.

నమూనా నడిచాక ఒక్కసారి నడిపి ఫలితం రాయకండి. ప్రతిసారీ యాదృచ్ఛిక సంఖ్యలు వేరుగా వచ్చేలా వాటి మొదటి సంఖ్య (ర్యాండమ్ సీడ్) మార్చి వంద చెట్లు పెంచండి, కత్తిరించినవి వంద, కత్తిరించనివి వంద. రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే తేడా లేదనే రాయండి. నియమాలు తయారుచేసిన చెట్లతోనే నమూనాని పరీక్షించొద్దు, నాలుగు చెట్లు మొదటి నుంచే పక్కన పెట్టండి. తెర మీద చెట్టు తోటలో చెట్టులా కనిపిస్తోందా అన్నది పరీక్ష కాదు. చదరపు మీటరుకి పూసిన రెమ్మలు, గుబురు-సాగుడు నిష్పత్తి, రెమ్మల పొడవుల పంపిణీ, వీటిని పక్కపక్కన పెట్టి చూడండి.

తాతగారికి ఏం చెప్పాలో కూడా నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. ఎకరాకి ఎన్ని కిలోల పిక్క వస్తుందో చెప్పకండి. పూత మీద వాన పడొచ్చు, టీ దోమ అనే పురుగు కొత్త చిగురునీ పూతనీ మాడ్చేయొచ్చు, తేనెటీగలు రాకపోవచ్చు. జీడి పూగుత్తిలో మగ పూలూ, ద్విలింగ పూలూ కలిసి ఉంటాయి, రెండో రకమే పిక్క అవుతుంది. ఇవేవీ మీ నమూనాలో లేవు. కానీ "ఈ నడి కొమ్మ తీస్తే వచ్చే రెండేళ్లలో పూసే అంచు ఇంత పెరుగుతుంది, తీసిన ఏడాది ఇంత తగ్గుతుంది" అన్నది చెప్పొచ్చు. పోలిక చెప్పడం ఈ నమూనాల బలం. ఒకటి రెండు చెట్ల మీద చేసి చూడమని అడగండి, తోటంతా నరకమని అడగకండి.

గాలి గురించి మీరు అడగలేదు, అయినా విశాఖలో తోట నమూనా రాస్తూ గాలిని వదిలేయడం నాకు మనసొప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలులతో ఇక్కడే తీరం దాటింది, జీడి, మామిడి, కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో మీ ఇంట్లో అందరికీ తెలుసు. గాలి తోపుడు వేగపు వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 180కి వెళ్తే తోపుడు నాలుగు రెట్లు. ఆకులు ముడుచుకుంటాయి కాబట్టి నిజంలో కాస్త తక్కువ. మీ గళ్లలో ఎక్కడెంత ఆకుందో ఇప్పటికే ఉంది, దాన్ని ఎత్తుతో గుణించి కూడితే మొదలుని వంచే ఒత్తిడి ఎంతో అంచనా వస్తుంది. ఒక మీటరు ఎత్తు తగ్గించిన చెట్టుకి, తగ్గించనిదానికి అది ఎంత తేడానో పది వరుసల కోడ్‌లో తేలుతుంది. కాపు కోసం కట్టిన చట్రమే తుపాను కోసం కూడా మాట్లాడుతుంది. నన్నడిగితే ప్రాజెక్టులో ఈ అధ్యాయం ఉండి తీరాలి.

పనిముట్లు. మీకు పైథాన్ వచ్చు కాబట్టి, అందులో ఎల్-సిస్టమ్స్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఎల్-పై తీసుకోండి. ఫ్రాన్స్ వాళ్ల ఓపెన్‌ఏలియా వేదికలో భాగం, ఉచితం, వీ-మ్యాంగో వెనకున్న పరిశోధకుల్లోంచే వచ్చింది. జావా ఇష్టమైతే అలాంటిదే గ్రోఇంప్ ఉంది. చెట్టు ఆకారాన్ని చివర్లో బ్లెండర్‌లోకి ఎక్కించి చూపించండి, మీరు పడ్డ కష్టం వృథా కాదు, సమీక్షకి వచ్చేవాళ్లు ముందు చూసేది అదే. ఆకు ఆకునీ నమూనాలో పెట్టకండి, విడత చిగురునే మూలకంగా ఉంచండి, లేకపోతే ఐదో ఏటికే కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. వేళ్లు, నేల తేమ, ఎరువులు ఈసారికి వదిలేయండి. ఎర్రనేలలో నీటి ఎద్దడి పెద్ద విషయమే, అది ఇంకొకరి ప్రాజెక్టు అవుతుంది.

అరకు కాఫీ మీద ఆసక్తి ఉన్న మిత్రులెవరైనా మీ క్లాసులో ఉంటే వాళ్లకీ ఒక మాట చెప్పండి. ఈ రంగానికి ఇంకో మూలపురుషుడు ఫిలిప్ ద రెఫీ, 1970ల్లో ఐవరీ కోస్ట్‌లో కాఫీ మొక్కల మొగ్గలు లెక్కపెడుతూనే మొదలుపెట్టాడు. కాఫీకి నిటారు కాండం, పక్కకి పరుచుకునే కొమ్మలు అని పని విభజన స్పష్టంగా ఉంటుంది, నియమాలు రాయడం జీడి కంటే చాలా తేలిక. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ కింద వెలుతురు లెక్క ఒక్కటే కొత్తగా చేయాలి.

వానలు తగ్గుముఖం పట్టగానే జీడి చిగురు మొదలవుతుంది. ఆలోపు రిబ్బన్లు కట్టడం అయిపోవాలి, లేదంటే ఒక ఏడాది పోయినట్టే. ముందు పది రెమ్మలకి కొలతలు తీసి ఆ పట్టిక ఇక్కడ పెట్టండి. ఏ గడులు పనికిరావో, ఏవి చేర్చాలో చూసి చెబుతాను. మిగతా రిబ్బన్లు ఆ తర్వాత కడుదురుగాని. తాతగారిని వెంట ఉంచుకుని, ప్రతి రెమ్మ దగ్గరా ఇది ఈసారి పూస్తుందా పూయదా అని ముందే అడిగి ఆయన జవాబు కూడా ఒక వరుసలో రాయండి. మీ నమూనా జోస్యాన్ని పోల్చడానికి అంతకంటే మంచి కొలబద్ద దొరకదు.